ప్యాకింగ్ మేడమ్ గారి సున్నాలు

మా ప్యాకింగ్ మేడమ్ గారు పోయారు. పోయిన పదకొండు రోజులకు నాకు తెలిసింది. పటమటలో మా పాత ఆఫీసు కింద ఒక టైర్ల షాపు ఉంది. ఆ షాపాయన వేరే పని మీద ఫోన్ చేసి, పెట్టేసే ముందు, "అన్నట్టు మీ ప్యాకింగ్ మేడమ్ గారు పోయారు కదండీ, మీకు తెలిసే ఉంటుందిలెండి" అన్నాడు. తెలిసినట్టే ఊఁ అన్నాను. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే కాస్త బాగుండేది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనం రాయడం మర్యాద. ఆవిడ మంచితనం రాయాలంటే నా సంగతి కూడా రాయక తప్పదు. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు రాసినా ఆవిడకు ఒరిగేదేమీ లేదు. అయినా రాస్తున్నాను, చదివి నన్ను ఏమన్నా అనుకోండి.

తొంభైల చివర్లో ఆ టైర్ల షాపు మీద రెండు గదుల్లో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. కంపెనీ అంటే ఓనరు గారితో కలిపి ఐదుగురం. అప్పట్లో బందరు వైపు ఎక్కడ చూసినా రొయ్యల చెరువులే. రైతులు సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని ల్యాబుకు వచ్చేవారు. ల్యాబువాళ్లు ఆ నీళ్లు పరీక్ష చేసి, చెరువు ఎన్ని ఎకరాలో, లోతు ఎంతో కంప్యూటర్‌లో కొడితే, ఏ మందు ఎన్ని కిలోలు వేయాలో మా ప్రోగ్రాం కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేది. దాని పేరు నీటిలెక్క. రాసింది నేను. అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు, కాళ్లు నేల మీద ఉండేవి కావు.

రాసినదాన్ని ఫ్లాపీ డిస్కుల్లోకి ఎక్కించి, పేరూ వెర్షన్ నంబరూ వేసి, రిజిస్టర్లో సంతకం చేసి, బస్సు పార్సెల్‌లో ల్యాబులకు పంపడం మేడమ్ గారి పని. దాన్ని మేం ప్యాకింగ్ అనేవాళ్లం, ఏదో మిఠాయి కొట్లో పొట్లాలు కట్టినట్టు. ఆవిడ కంప్యూటర్ డిప్లొమా చేశారని మాకు గుర్తుండేది కాదు. గుర్తు పెట్టుకోవాలని కూడా అనిపించలేదు.

ఆవిడ పుట్టిల్లు బందరు దాటాక సముద్రం పక్కన ఒక ఊరు. చేపలు పట్టే కుటుంబం. వాళ్లమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి ఈవిడను చదివించింది. భర్త ఆటోనగర్‌లో లారీల మెకానిక్. ఒక్కతే కూతురు. మేడమ్ గారి క్యారేజీలో వారానికి రెండు రోజులు ఎండురొయ్యలు వంకాయ ఉండేది. ఆ వాసన పడదని మాలో ఒకరిద్దరు మొహం చిట్లిస్తే, క్యారేజీ తీసుకెళ్లి మెట్ల మీద కూర్చుని తినేవారు. ఆ మొహం చిట్లించినవాళ్లలో నేనొకణ్ణి.

ఆవిడ వచ్చేనాటికి మా డిస్కుల వ్యవహారం అడవిలా ఉండేది. నేను ప్రోగ్రాం పేరును రెండు మాటలుగా విడదీసి మధ్యలో గీత పెట్టేవాణ్ణి. నా పక్క సీటు అతను కింద గీత పెట్టేవాడు. ఓనరు గారు కలిపేసి అన్నీ పెద్ద అక్షరాల్లో కొట్టేవారు. మాకు మూడూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం మూడు వేరు వేరు వస్తువులు. కొత్త డిస్కు వేసిన ప్రతిసారీ పాతదాని మీద ఎక్కకుండా పక్కన ఇంకోటి తయారయ్యేది. ల్యాబువాళ్లు అలవాటు కొద్దీ పాతదే తెరిచి, ఏమీ మారలేదేంటండీ అని ఫోన్ చేసేవారు. మేం వాళ్లకు కంప్యూటర్ రాదని నవ్వుకునేవాళ్లం.

మేడమ్ గారు చేరిన రెండో నెలలో గోడ మీద ఎర్ర సిరాతో ఒక కాగితం అంటించారు. పేరు ఎవరు ఎలా కొట్టినా ముందు అన్నీ చిన్న అక్షరాలు చేయాలి. గీత వచ్చినా, కింద గీత వచ్చినా, చుక్క వచ్చినా, రెండు కలిసి వచ్చినా, ఒక్క గీతగా మార్చాలి. ఆ తర్వాతే పోల్చాలి. అంతే ఆ కాగితంలో ఉన్నది. ఇదంతా ఎందుకండీ అని నేను విసుక్కుంటే ఆవిడ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మా అమ్మ ఒడ్డున ఒక పేరుతో కొన్న చేపని ఊళ్లో ఇంకో పేరుతో అమ్మేది బాబూ. ఎవరి పేరు వాళ్లని పిలుచుకోనిచ్చేది. గంపలో మాత్రం ఒకే చోట పెట్టేది." ఆ కాగితం అంటించాక అలాంటి ఫోన్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో మేమెవరం ఆలోచించలేదు.

ఆవిడకు ఇంకో రెండు అలవాట్లు ఉండేవి. గది మూలన ఒక పాత కంప్యూటర్ ఉండేది. పంపబోయే ప్రతి డిస్కునూ ముందు అందులో వేసి, ల్యాబులో ఉండే పాత వెర్షన్ మీద కొత్తది ఎక్కుతోందో లేదో చూసేవారు. ఆ కాసేపు మాతో మాట్లాడేవారు కాదు. ల్యాబాయన కూర్చున్నట్టే కూర్చుని, తెర మీద వచ్చిన ప్రతి మాటా చదివి, అర్థం కానిది కాగితం మీద రాసుకునేవారు. మేం దాన్ని కస్టమరు కుర్చీ అని ఆట పట్టించేవాళ్లం. రెండోది, వెర్షన్ నంబర్లకు ముందు సున్నాలు పెట్టడం. మేం 1.8 అంటే ఆవిడ డిస్కులో 01.08 అని రాసేవారు. తొమ్మిది తర్వాత పది వచ్చినప్పుడు కంప్యూటర్ దాన్ని తొమ్మిదికి ముందు పేరుస్తోందని, సున్నా పెడితే వరస చెదరదని ఆవిడ సొంతంగా కనిపెట్టుకున్నారు.

నాకు ఆ సున్నాలు నచ్చేవి కావు. తెర మీద హాల్‌టికెట్ నంబరులా కనిపించేవి. డిస్కులో కొత్త వెర్షన్ ఉంటేనే ఎక్కించే చిన్న ప్రోగ్రాం కూడా నేనే రాశాను. ఒకరోజు దాన్ని తిరగరాస్తూ, చదివిన నంబరులో చుక్కకు అటూ ఇటూ అంకెల ముందున్న సున్నాలు తీసేసేలా ఒక వరుస కలిపాను. ఆవిడకు చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం అనుకోలేదు.

నీటిలెక్క 1.9లో కొత్తగా ఒక సౌకర్యం పెట్టాను. రైతులు లోతు అడుగుల్లోనే చెబుతారు కాబట్టి అడుగుల్లో కొడితే ప్రోగ్రామే మీటర్లలోకి మార్చుకుంటుంది. నాలుగు, ఐదు అని కొడితే బాగానే మార్చేది. నాలుగున్నర అని కొడితే మాత్రం మార్చకుండా, నాలుగున్నర మీటర్లు అనుకుని, మందు మూడింతలు చెప్పేది. పామర్రులో ఒక ల్యాబాయన కాగితం రైతు చేతికి ఇవ్వబోతూ అనుమానం వచ్చి మాకు ఫోన్ చేశాడు. నేను అదే రోజు సరిచేశాను. దానికి 1.10 అని నంబరు వేశాం.

అప్పుడు గది మూలనున్న ఆ పాత కంప్యూటర్ పని చేయడం లేదు. అందులో భాగాలు నేనే తీసి నా దాంట్లో వేసుకున్నాను. మేడమ్ గారు రెండు రోజులు ఆగి దాన్ని బాగు చేయిద్దాం, నేను కుర్చీలో కూర్చుని చూసి పంపుతాను అన్నారు. నేను చూశానులెండి, పంపేయండి అన్నాను. నేను చూసిన మాట నిజమే. ఏ వెర్షనూ లేని ఖాళీ కంప్యూటర్ మీద చూశాను. అందులో చక్కగా ఎక్కింది. ఆవిడ నా మాట నమ్మి 01.10 అని రాసి, రిజిస్టర్లో సంతకం చేసి డిస్కులు పంపేశారు. డిస్కు వెళ్లింది కదా అని నేనూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు.

ల్యాబుల్లో డిస్కు వేశారు. నా చిన్న ప్రోగ్రాం ముందున్న సున్నాలు తీసేసింది. అది రెండు నంబర్లనూ అంకెలుగా కాక, అక్షరాలుగా ఎడమ నుంచి ఒక్కొక్కటే పోల్చేది. ఒకటి, చుక్క, అక్కడిదాకా రెండూ సమానం. తర్వాత ఒకవైపు తొమ్మిది, రెండోవైపు పదిలో మొదటి అంకె ఒకటి. తొమ్మిది పెద్దది. కాబట్టి 1.10 పాతది, ఎక్కించనక్కర్లేదు. తెర మీద మాత్రం అంతా సరిగ్గా ఉంది అని చూపించి ఊరుకుంది. ఆ మాట రాసింది కూడా నేనే.

పది రోజులు తిరక్కుండానే మేడమ్ గారి పుట్టింటి ఊళ్లో ఒక చెరువు పోయింది. చెరువు లోతు నాలుగున్నర అడుగులు. సాయంత్రం మందు వేశారు, తెల్లారేసరికి రొయ్యంతా చచ్చి గట్టు పట్టింది. రెండు వారాల్లో పట్టుబడికి వచ్చే రొయ్య. ఆ రైతు ఆవిడకు వరసకు బాబాయి. సముద్రం మీద వేట మానేసి ఉన్నదంతా ఆ చెరువులో పెట్టిన మనిషి. ఆ చుట్టుపక్కల ల్యాబులవాళ్లు మా ప్రోగ్రాం వేయించుకున్నదే ఆ ఊరివాళ్ల మాట మీద, మన అమ్మాయి ఉన్న కంపెనీ అని.

ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి మందు లెక్క అచ్చు వేసిన కాగితం తీసి మడత విప్పి మేడమ్ గారి బల్ల మీద పెట్టాడు. "నువ్వున్నావనే కదమ్మా ఈ కాయితం నమ్మాను" అన్నాడు. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కాగితం అక్కడే వదిలేశాడు.

ఓనరు గారు ల్యాబుకు ఫోన్ చేస్తే తెర మీద ఇంకా 1.9 అనే ఉందన్నారు. అయితే పాత డిస్కే వెళ్లిందని ఆయన తేల్చేశారు. రిజిస్టర్లో సంతకం మేడమ్ గారిది. నాకు మాత్రం ఆ ఫోన్ వింటుండగానే అర్థమైపోయింది. నోరు మెదపలేదు. ఎందుకని మీరు అడగవచ్చు. పెళ్లి మాటలు నడుస్తున్నాయి, హైదరాబాదులో ఉద్యోగానికి ఓనరు గారి ఉత్తరం కావాలి, ఇలాంటివి నాకు నేను చాలా చెప్పుకున్నాను. అవేవీ కారణాలు కావు. భయపడ్డాను, అంతే.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి, బస్సెక్కి ఆ ల్యాబుకు వెళ్లి, తను పంపిన డిస్కు వెనక్కి తెచ్చారు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను మెట్ల మీదకు పిలిచారు. క్యారేజీ తెరిచి ఉంది కానీ తినడం లేదు.

"బాబూ, డిస్కులో ఉన్నది కొత్తదే. నేను రాసింది రాసినట్టే ఉంది. ల్యాబు తెర మీద మాత్రం ముందు సున్నా లేదు. అదేమైందో మీకేమైనా తెలుసా?"

"తెలియదండీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. నేను మెట్లవైపు చూశాను. క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి, "సరేలెండి" అన్నారు. ఆ తర్వాత ఓనరు గారి గదిలోకి వెళ్లి, చూడకుండా పంపాను, తప్పు నాదేనండి అని చెప్పారు. డిస్కు సంచిలోంచి బయటకు తీయలేదు. తీసి ఉంటే ఐదు నిమిషాల్లో అంతా తేలిపోయేది. ఆ ఐదు నిమిషాలూ నేను నా సీట్లో కూర్చుని, ఆ తలుపు వైపు చూస్తూ గడిపాను.

నెలాఖరుకు ఆవిడను మానిపించారు. గోడ మీద కాగితం కొన్నాళ్లు అలాగే ఉండి, ఒక వేసవిలో ఊడి పడిపోయింది. నేను నంబర్లు పోల్చే వరుస సరిచేసుకున్నాను. దానికి 1.11 అని వేస్తే ల్యాబుల్లో ఉన్న 1.9 మీద అది కూడా ఎక్కదని తెలుసు. అందుకని 2.0 అని వేశాను. ఓనరు గారు కొత్త వెర్షన్ తెచ్చానని అందరికీ మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను.

తర్వాత ఒక్కసారే ఆవిడను చూశాను. నాలుగైదేళ్ల కిందట బస్టాండులో గన్నవరం సిటీ బస్సు కోసం నిలబడి ఉంటే ఆవిడే పలకరించారు. ఏదో స్కూల్లో పిల్లల రికార్డులు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నానన్నారు. నా పిల్లల గురించి అడిగారు. బస్సు వస్తోందనగా, "ఇప్పుడు వెర్షన్లు ఎలా పోలుస్తున్నారు బాబూ?" అన్నారు. చుక్క దగ్గర విడగొట్టి, ముక్కకు ముక్క అంకెలుగా మార్చి పోలుస్తున్నామని చెప్పాను. "మంచిది, అలాగే చెయ్యండి" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆవిడ ఇంకా చెయ్యి ఊపుతున్నారు.

టైర్ల షాపాయన దగ్గర అడ్రసు తీసుకుని మొన్న వాళ్లింటికి వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. కూతురు ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. వాళ్ల నాన్న పడుకుని ఉన్నాడు, లేవలేదు. నేను అమ్మతో కలిసి పనిచేశానని చెబితే ఆ అమ్మాయి ఎంతో సంతోషపడింది. మంచినీళ్లు ఇచ్చింది, ఫోటో చూపించింది. తనంతట తానే చాలా చెప్పింది. ఆ చెరువు పోయాక అమ్మ పుట్టింటి ఊరికి జాతరకు కూడా వెళ్లలేదట. అమ్మమ్మ పోయినప్పుడు వెళితే, ఆ బాబాయి గారి భార్య ఈవిడ అందించిన మంచినీళ్ల గ్లాసు తీసుకోలేదట. ఈవిడ ఆ గ్లాసు కింద పెట్టేసి, పెద్దకర్మ దాకా ఉండకుండా వెంటనే బస్సెక్కి తిరిగొచ్చేశారట. ఇంట్లో ఎండురొయ్యలు వండటం ఎప్పుడో మానేశారట. కారణం ఏంటో ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు. ఆవిడ చివరిసారి తినకుండా మూసేసిన ఎండురొయ్యల క్యారేజీ ఆ రోజు మెట్ల మీద నా ఎదురుగానే ఉంది.

అమ్మాయి బీరువా మీది నుంచి ఒక రేకు డబ్బా దించింది. అందులో సూదులు, దారాలు, పాత రేషన్ కార్డు, అడుగున ఒక ఫ్లాపీ డిస్కు.

"ఇప్పుడు దీన్ని చదివే కంప్యూటర్లే లేవు కదండీ. పారేద్దామంటే అమ్మ పారెయ్యనిచ్చేది కాదు. ఏముందమ్మా అందులో అంటే, ఇందులో తప్పేమీ లేదే, ఉంచు అనేది. మీకేమైనా పనికొస్తుందేమో తీసుకెళ్లండి."

తీసుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. వస్తానమ్మా అని చెప్పి సగం మెట్లు దిగాక, ఆ అమ్మాయి పైనుంచి పిలిచింది.

"అంకుల్ గారూ, మీరు అప్పుడు అక్కడే ఉన్నారు కదా. ఆ తప్పు నిజంగా అమ్మదేనా? మీకేమైనా తెలుసా?"

దీన్ని చదువుతున్నవాళ్లు నేనేం చెప్పి ఉంటానని అనుకుంటారో నాకు తెలుసు. చెప్పడానికే ఆ ఇంటికి వెళ్లాను. బస్సులో కూర్చుని మాటలు కూడా పేర్చుకున్నాను. తల ఎత్తితే ఆ అమ్మాయి మొహం అచ్చం వాళ్లమ్మ మొహంలా ఉంది. మళ్లీ మెట్లవైపు చూశాను.

"తెలియదమ్మా" అన్నాను.

"సరేలెండి" అంది. తలుపు మెల్లగా వేసుకుంది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మనిషి మొహం చూసి చెప్పలేనివాడు కాగితానికి చెప్పుకోవడం ఏం గొప్ప. అచ్చయ్యాక ఒక కాపీ ఆ అమ్మాయికి, ఒకటి ఆ ఊళ్లో బాబాయి గారింటికి పంపుతాను. ఆయన పోయి మూడేళ్లయిందట. ఆవిడ చేతి గ్లాసు తీసుకోని మనిషి ఇంకా ఉంది. ఆమె చదివినా ఇప్పుడు ఆ నీళ్లు తాగేదెలా.

డిస్కు నా బల్ల మీద ఉంది. మా ఆఫీసులో ఏ కంప్యూటర్‌కూ దీన్ని పెట్టే చోటు లేదు. లేబులు అంచులు లేచిపోయాయి, నీలం సిరా పాలిపోయింది. పేరు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఒక్క గీతతో ఉంది. దాని కింద, తొందరపడకుండా గుండ్రంగా చుట్టిన సున్నా, పక్కన ఒకటి, చుక్క, ఒకటి, మళ్లీ సున్నా. పొద్దుటి నుంచి పదిసార్లు చూశాను. ఇందులో తప్పేమీ లేదు.